క్రాకోవ్ వెళ్తున్నారా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోలండ్‌లోని పాత విశ్వవిద్యాలయ నగరం క్రాకోవ్ గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. అక్కడ చదివే పిల్లలను చూడటానికి వెళ్లే తల్లిదండ్రులూ రాశారు, నలుగురు స్నేహితులు కలిసి సరదాగా వెళ్దామనుకునేవాళ్లూ రాశారు. అక్కడివాళ్లు ఊరి పేరును ‘క్రాకుఫ్’ అని పలుకుతారు. స్టేషన్‌లో ప్రకటన వినేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ప్రశ్న: నలుగురు స్నేహితులం నాలుగు రోజులకు వెళ్దామనుకుంటున్నాం. పాత కట్టడాలు చూడాలి, సాయంత్రాలు సందడిగానూ ఉండాలి. ఏ నెల మంచిది? (విశాఖపట్నం)

జవాబు: వాతావరణం సంగతి తర్వాత. ముందు విశ్వవిద్యాలయాల క్యాలెండర్ చూసుకోండి, ఆ ఊరి రాత్రులకు అదే పంచాంగం. చదువులు అక్టోబర్ మొదట్లో మొదలై జూన్ దాకా నడుస్తాయి. జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో ఒకసారి, జూన్‌లో మరోసారి పరీక్షలు. జులై, ఆగస్టుల్లో విద్యార్థులు సొంతూళ్లకు పోతారు. అప్పుడూ వీధులు కిక్కిరిసే ఉంటాయి కానీ ఆ జనమంతా పర్యాటకులే. పానశాలల్లో ధరలు, పాటలు, పలకరింపు అన్నీ వాళ్ల కోసమే అన్నట్టు మారిపోతాయి.

మా మాట అడిగితే మే నెల, లేదంటే అక్టోబర్ రెండో వారం తర్వాత. మేలో ‘యువెనాలియా’ అనే విద్యార్థుల పండగ వస్తుంది. నగర మేయర్ ఊరి తాళంచెవులను లాంఛనంగా విద్యార్థులకు అప్పగిస్తారు. విద్యార్థులు వేషాలు కట్టుకుని ఊరేగింపుగా ఊరి నడుమ ఉన్న పెద్ద చౌకుకు వస్తారు, రాత్రుళ్లు హాస్టళ్ల ఆవరణల్లో కచేరీలు జరుగుతాయి. తేదీలు ఏటా మారుతుంటాయి కాబట్టి విశ్వవిద్యాలయాల ప్రకటన చూశాకే టికెట్ కొనండి. మే 1, మే 3 జాతీయ సెలవులు. ఆ రెండు రోజులూ దుకాణాలు మూసేస్తారు.

వారంలోనూ ఒక లెక్కుంది. శుక్రవారం మధ్యాహ్నానికి చాలామంది విద్యార్థులు రైలెక్కి ఇళ్లకు పోతారు. అందుకే అసలైన విద్యార్థి సందడి బుధ, గురువారాల్లో కనిపిస్తుంది. శని, ఆదివారాల్లో పెళ్లికి ముందు పార్టీలు చేసుకోవడానికి ఇతర దేశాల నుంచి గుంపులు దిగుతాయి. మంగళవారం దిగి శనివారం ఉదయం బయల్దేరితే మీకు నాలుగు మంచి సాయంత్రాలు దొరుకుతాయి.

డిసెంబర్‌లో నాలుగు గంటలకు ముందే సూర్యుడు అస్తమిస్తాడు. జూన్‌లో తొమ్మిదింటి దాకా వెలుతురే. చలికాలంలో ఇంకో ఇబ్బంది పొగమంచుతో కలిసిన పొగ. ఊళ్లో బొగ్గు, కట్టెలు కాల్చడాన్ని 2019 సెప్టెంబర్ నుంచి నిషేధించాక గాలి చాలా మెరుగైంది. అయితే ఊరు లోయలో ఉంది, చుట్టుపక్కల పల్లెల పొగ దిగి ఇక్కడే నిలుస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లు డిసెంబర్, జనవరి మానుకోవడమే మేలు.

ప్రశ్న: కళాశాల అధ్యాపకుణ్ణి. కోపర్నికస్ చదివిన విశ్వవిద్యాలయాన్ని చూడాలని ఎప్పటినుంచో కోరిక. బయటివాళ్లను లోపలికి రానిస్తారా? ఏమేం చూడాలి? (గుంటూరు)

జవాబు: రానిస్తారు. మీరు ముందుగా వెళ్లాల్సింది యాగియెలోన్‌స్కా వీధిలోని ‘కొల్లేగియుమ్ మాయుస్’ భవనానికి. పెద్ద చౌకు నుంచి నడిస్తే ఐదు నిమిషాలు.

కొంచెం చరిత్ర తెలిసి వెళ్తే అక్కడి రాళ్లు మాట్లాడతాయి. మూడో కజీమ్యెష్ రాజు 1364లో ఈ విశ్వవిద్యాలయాన్ని స్థాపించాడు. మధ్య ఐరోపాలో ప్రాగ్ విశ్వవిద్యాలయం తర్వాత పాతది ఇదే. రాజు పోయాక సంస్థ నీరసించింది. 1399లో కన్నుమూసిన యద్వీగా రాణి తన నగలను విశ్వవిద్యాలయానికి రాసిచ్చింది. ఆ సొమ్ముతో 1400లో ఆమె భర్త యాగియెవో దానికి మళ్లీ ప్రాణం పోశాడు. విశ్వవిద్యాలయానికున్న యాగియెలోనియన్ అనే పేరు ఆ రాజు వంశానిదే. కోపర్నికస్ ఇక్కడ 1491లో చేరాడు.

లోపలి ముంగిలికి టికెట్ అక్కర్లేదు. ఎర్ర ఇటుక గోడలు, చుట్టూ కమాను వసారాలు, నడుమ బావి. బేసి గంటలకు, అంటే పదకొండు, ఒంటిగంట, మూడు అలా, గడియారం కింది చిన్న తలుపు తెరుచుకుని చెక్కబొమ్మలు వరుసగా నడిచి వెళ్తాయి. వాటిలో రాణి యద్వీగా, రాజు యాగియెవో ఉంటారు. పాత ఆస్థాన సంగీతంతోపాటు విద్యార్థుల గీతం ‘గౌదెయాముస్’ కూడా వినిపిస్తుంది. పది నిమిషాలు ముందుగా వెళ్లి గడియారానికి ఎదురు వసారాలో నిలబడండి. ఆలస్యంగా వెళ్తే బడిపిల్లల గుంపుల వెనక నుంచి ఏమీ కనపడదు.

గదులు చూడాలంటే మాత్రం టికెట్ కావాలి. గదులు చిన్నవి కాబట్టి ఒక విడతకు కొద్దిమందినే పంపుతారు. ముందు టికెట్ గదిలో సమయం రాయించుకుని, ఆ తర్వాత ఊరు చూడటానికి వెళ్లండి. 1510 నాటి యాగియెలోనియన్ గ్లోబు ఇక్కడే ఉంది. అమెరికా అనే పేరును గుర్తించిన తొలి గ్లోబుల్లో అదొకటి. సభామందిరం తలుపు దగ్గర ఒక్క నిమిషం ఆగి తలెత్తి చూడండి. పైన లాటిన్‌లో ‘ప్లూస్ రాషియో క్వామ్ విస్’ అని ఉంటుంది. బలం కంటే వివేకమే మిన్న అని అర్థం.

ఆ మాట చదివాక అక్కడి నుంచి రెండు నిమిషాల దూరంలో ఉన్న ‘కొల్లేగియుమ్ నోవుమ్’కు తప్పక వెళ్లండి. 1939 నవంబర్ 6న, ఊరు నాజీ జర్మనీ ఆక్రమణలో ఉండగా, జర్మన్ పోలీసు అధికారి ఒకడు ఉపన్యాసం ఉందని ఆచార్యులందరినీ ఆ భవనంలోని ఒక హాల్లోకి పిలిపించాడు. ఉపన్యాసమేమీ లేదు. మొత్తం 183 మందిని అక్కడే అరెస్టు చేసి, చాలామందిని జాక్సెన్‌హౌజెన్ నిర్బంధ శిబిరానికి తరలించారు. వయసు మళ్లినవాళ్లు కొందరు తిరిగి రాలేదు. 1942 నుంచి విశ్వవిద్యాలయం ఇళ్లల్లో రహస్యంగా పాఠాలు నడిపింది. దాదాపు 800 మంది అలా చదువుకున్నారు. తర్వాతి కాలంలో రెండో జాన్ పాల్ పోప్ అయిన కరోల్ వోయ్తీవా వాళ్లలో ఒకరు. నవంబర్‌లో వెళ్తే ఆరో తేదీని ఊళ్లో ఉండేలా చూసుకోండి, స్మరణ కార్యక్రమాలు జరుగుతాయి.

కోపర్నికస్ స్వహస్తంతో రాసిన గ్రంథప్రతి యాగియెలోనియన్ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. దాన్ని ప్రదర్శనకు పెట్టడం అరుదు, అదే చూడాలని మాత్రం ప్రయాణం పెట్టుకోకండి.

ప్రశ్న: రాత్రిపూట ఎక్కడికి వెళ్లాలి, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? అక్కడ పర్యాటకులను మోసం చేస్తారని విన్నాం. నిజమేనా? (హైదరాబాద్)

జవాబు: రెండు ప్రాంతాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి ‘ప్లాంతి’ అనే పచ్చటి వలయం లోపలి పాత ఊరు. పాత కోటగోడలు కూల్చిన చోట చెట్లు నాటి చేసిన ఈ వలయం నాలుగు కిలోమీటర్ల చుట్టుకొలత. రెండోది దక్షిణాన ఉన్న కజీమ్యెష్, ఒకప్పటి యూదుల పేట.

పాత ఊళ్లో సందడంతా నేలమాళిగల్లో ఉంటుంది. దానికి కారణం ఉంది. శతాబ్దాల పాటు వీధుల్లో మట్టి, చెత్త పేరుకుని నేల ఎత్తు పెరిగింది. మధ్యయుగంలో వీధికి సమంగా ఉన్న గదులే ఇప్పటి మాళిగలు. పెద్ద చౌకు కింద 2010లో తెరిచిన భూగర్భ మ్యూజియంలో ఆ పాత వీధి నేలను కళ్లారా చూడొచ్చు. మధ్యాహ్నం అది చూసి, రాత్రి మాళిగలోకి దిగితే మీరు నిలబడ్డది ఎక్కడో అర్థమవుతుంది. మెట్లు నిటారుగా, అరిగిపోయి ఉంటాయి. పైకప్పు ఇటుక కమాను, ఎత్తు తక్కువ. లోపల ఫోన్ సిగ్నల్ అందదు. అందుకని కిందికి దిగే ముందే, విడిపోతే ఎన్నింటికి ఎక్కడ కలుసుకోవాలో అనుకోండి. ఊరివాళ్లు కలుసుకునే చోటు చౌకులోని కవి మిత్స్కియెవిచ్ విగ్రహం. మీకూ అదే సులువు.

తలుపు దగ్గర ‘షాత్న్యా’ అని కనిపిస్తే అది కోట్లు భద్రపరిచే గది. చలికాలంలో చాలా చోట్ల కోటు అక్కడ ఇచ్చి తీరాలి, కొద్దిపాటి రుసుము తీసుకుంటారు. దానికి చిల్లర జ్లోటీలు (పోలండ్ డబ్బు) ఉంచుకోండి. ఇచ్చిన బిళ్ల పారేసుకుంటే జనమంతా వెళ్లిపోయేదాకా మీ కోటు రాదు. పాస్‌పోర్టు, ఇంటి తాళాలు కోటు జేబులో వదలకండి. వయసు రుజువు అడుగుతారు, 18 నిండాలి.

సంగీతం కావాలంటే చౌకులోనూ, ఫ్లోరియాన్‌స్కా వీధిలోనూ జాజ్ మాళిగలున్నాయి. చౌకులోనే ‘పివ్నిత్సా పోద్ బరనామి’ అనే మాళిగలో 1956 నుంచి సాహిత్య కాబరే (పాటలు, కవితలు, హాస్యం కలిసిన వేదిక ప్రదర్శన) నడుస్తోంది. పోలిష్ రాకపోయినా ఒక సాయంత్రం కూర్చోదగ్గ చోటు. టికెట్ ముందే కొనాలి.

కజీమ్యెష్ తీరు వేరు. అక్కడ కొవ్వొత్తుల వెలుగులో పాత బల్లల దగ్గర కూర్చుని మాట్లాడుకుంటారు. కొన్నిచోట్ల పాత కుట్టుమిషన్లే బల్లలు. మధ్యలో ప్లాట్స్ నోవీ అనే చిన్న చౌకు, దాని నడుమ గుండ్రటి ఇటుక భవనం. ఆ భవనం కిటికీల్లోంచి ‘జపియెకాంక’ అమ్ముతారు. అరచేతి నుంచి మోచేతి దాకా ఉండే రొట్టెను నిలువునా చీల్చి, పుట్టగొడుగులు, చీజ్ వేసి కాల్చి, పైన కెచప్ పోస్తారు. ఇద్దరికి ఒకటి చాలు. ఏ కిటికీ ముందు వరుస పొడుగ్గా ఉందో అక్కడే కొనండి, వేడిగా దొరుకుతుంది.

ఇక నియమాలు. వీధిలో, పార్కులో, నది ఒడ్డున సీసా తెరిచి తాగడం నేరం, వంద జ్లోటీల జరిమానా. 2023 జులై నుంచి క్రాకోవ్ దుకాణాల్లో అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదున్నర దాకా మద్యం అమ్మరు, బార్లలో మాత్రం ఇస్తారు. రాత్రి పది నుంచి ఆరు దాకా నిశ్శబ్ద వేళ. అద్దె ఇంట్లో పాటలు పెడితే పొరుగువాళ్లు నేరుగా పోలీసులను పిలుస్తారు. వీధిలో పడిపోయేంతగా తాగినవాళ్లను మత్తు దిగే కేంద్రానికి తీసుకెళ్లి, ఉదయం బిల్లు చేతిలో పెడతారు. అద్దె స్కూటరు ఎక్కేముందు ఒక్క గ్లాసు తాగినా ప్రమాదమే. రక్తంలో ఆల్కహాల్ పరిమితి లీటరుకు 0.2 గ్రాములు, భారత్‌లో ఉన్నదానికంటే తక్కువ.

మోసం సంగతి. అది నిజమే. ఫ్లోరియాన్‌స్కా, షెవ్‌స్కా వీధుల్లో, చౌకు మూలల్లో గొడుగు పట్టుకున్న యువతులో, యువకులో వచ్చి చక్కటి ఇంగ్లీషులో పలకరిస్తారు. ప్రవేశం ఉచితం, మొదటి గ్లాసు ఉచితం అంటారు. వాళ్లు తీసుకెళ్లేది నగ్న నృత్యాల క్లబ్బులకు. అక్కడ పక్కన కూర్చున్న అమ్మాయికి గ్లాసు ఇప్పించమంటారు, దాని ధర చెప్పరు. కార్డు మెషిన్ పదేపదే మీ ముందుకొస్తుంది, మత్తులో నంబరు నొక్కుతూ పోతారు. ఉదయానికి వేల జ్లోటీలు పోయి ఉంటాయి. పిన్ మీరే నొక్కారు కాబట్టి బ్యాంకు ఆ సొమ్ము తిరిగి ఇప్పించడం కష్టం. వీధిలో చేయి పట్టి పిలిచే ఏ చోటికీ వెళ్లకండి. మంచి చోట్లకు పిలిచేవాళ్ల అవసరం ఉండదు.

ఇది హైదరాబాద్‌లోనే చేయాల్సిన పని: రాత్రిళ్లకు వేరే కార్డు పెట్టుకోండి. మన బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీల రోజువారీ పరిమితిని తగ్గించుకునే వీలుంది, ఒక సాయంత్రానికి సరిపడా మాత్రమే ఉంచండి. అక్కడ కార్డు మెషిన్‌పై చెల్లించేటప్పుడు మనకు అలవాటైన ఓటీపీ అడగదు. వంద జ్లోటీల లోపు అయితే పిన్ కూడా చాలాసార్లు అడగదు, తాకిస్తే చాలు. కార్డు చేతికివ్వకండి. తెరమీద అంకె చదివాకే తాకించండి.

తిరిగి రావడానికి రాత్రి ట్రాములు, బస్సులు ఉన్నాయి. రెండంకెల్లో 6తో మొదలయ్యేవి రాత్రి ట్రాములు, మూడంకెల్లో 6తో మొదలయ్యేవి రాత్రి బస్సులు. వీటి మధ్య విరామం ఎక్కువ కాబట్టి వేళలు ముందే ఫోన్‌లో ఉంచుకోండి. టాక్సీ కావాలంటే యాప్‌లోనే పిలవండి, వీధిలో ఆగి ఉన్నది ఎక్కితే ఛార్జీ వాళ్లు చెప్పిందే.

ప్రశ్న: ఇద్దరు అమ్మాయిలం. రాత్రి పదకొండు తర్వాత నడిచి తిరగొచ్చా? (కరీంనగర్)

జవాబు: పాత ఊళ్లో, కజీమ్యెష్‌లో తిరగొచ్చు. రెండింటినీ కలిపే గ్రోద్‌స్కా, స్త్రాదోమ్‌స్కా వీధుల్లో రాత్రంతా జనం ఉంటారు. చెట్ల మధ్య నుంచి దగ్గర దారి అనిపించినా అర్ధరాత్రి తర్వాత ప్లాంతి వదిలేసి వీధి దారే పట్టండి. గ్లాసు బల్లమీద వదిలి వెళ్లకండి. వెళ్లాల్సివస్తే ఇద్దరూ కలిసి వెళ్లి, వచ్చాక కొత్తది తీసుకోండి. గది తీసుకునేటప్పుడు షెవ్‌స్కా వీధి వైపో, కజీమ్యెష్ చౌకు వైపో కిటికీ ఉంటే తెల్లవారుజాము దాకా నిద్ర పట్టదు. లోపలి ముంగిలి వైపు గది అడగండి. పాత ఇళ్లలో చాలావాటికి లిఫ్టు ఉండదు, పెట్టె బరువు చూసుకుని అంతస్తు ఎంచుకోండి. అత్యవసర నంబరు 112.

ప్రశ్న: పూర్తి శాకాహారులం. గుడ్డు కూడా తినం. పస్తులుండాల్సి వస్తుందేమోనని భయం. (తిరుపతి)

జవాబు: పస్తులుండరు, కానీ అడగకుండా ఏదీ తినొద్దు. అక్కడివాళ్లలో కొందరి లెక్కలో చేప మాంసం కాదు. కూరగాయల సూపు అన్నా అడుగున కోడి మాంసపు రసం ఉండొచ్చు. టమాటా సూపుకు కూడా ఇదే సందేహం.

ముందుగా ఒక హెచ్చరిక. కొన్ని భోజనశాలల్లో కూర్చోగానే రొట్టె, ఊరబెట్టిన దోసకాయ, ఒక చిన్న గిన్నెలో తెల్లటి ముద్ద పెడతారు. వెన్నపూస అనుకుని రాసుకుంటారు. అది పందికొవ్వు, పేరు స్మాలెట్స్.

చవకగా కడుపు నింపేవి ‘బార్ మ్లెచ్నీ’లు. పేరులో బార్ ఉన్నా మద్యం ఉండదు, పాల పదార్థాలతో మొదలైన సాదా భోజనశాలలు. గోడమీది బోర్డు చూసి, ముందు డబ్బు కట్టి, రసీదు కిటికీలో ఇవ్వాలి. వంటకం పేరు పిలవగానే తెచ్చుకోవాలి, తిన్నాక పళ్లెం మనమే తిరిగి పెట్టాలి. అక్కడ ‘పియెరోగి రుస్కియె’ అడగండి. మన కజ్జికాయ ఆకారంలో ఉండి నీళ్లలో ఉడికించే వంటకం, లోపల బంగాళదుంప, తెల్ల చీజ్, వేయించిన ఉల్లిపాయ. పైన చాలాసార్లు వేయించిన పందికొవ్వు ముక్కలు చల్లుతారు. కాబట్టి ‘బెజ్ స్క్వారెక్’ అనండి, ఆ ముక్కలు వద్దని అర్థం. మాంసం వద్దనడానికి ‘బెజ్ మియెంసా’. గుడ్డు లేకుండా కావాలంటే ‘బెజ్ యాయెక్’. పియెరోగి పిండిలో కొన్నిచోట్ల గుడ్డు కలుపుతారు, అడగాల్సిందే. బంగాళదుంప అట్లలో, తీపి దోసెల్లాంటి నలెష్నికిల్లో గుడ్డు దాదాపు తప్పదు. ఉడికించిన గోధుమలాంటి ‘కాషా’, క్యాబేజీ తురుము పచ్చడి, ఉడికించిన బీట్‌రూట్ మీకు పనికొస్తాయి. పూర్తి వీగన్ (పాలు, గుడ్డు కూడా వాడని) భోజనశాలలు కూడా ఊళ్లో చాలానే ఉన్నాయి, గుడ్డు బెంగ లేకుండా తినాలంటే అవే దారి.

ఉదయం వీధి బళ్ల మీద ‘ఒబ్వజానెక్’ దొరుకుతుంది. పిండి తాళ్లను మెలిపెట్టి కంకణంలా చుట్టి, వేడినీళ్లలో ముంచి తీసి, ఆ తర్వాత కాలుస్తారు. పైన నువ్వులో, గసగసాలో, ఉప్పో ఉంటాయి. ఆ ఊరి సొత్తుగా 2010లో ఐరోపా సమాఖ్య గుర్తింపు వచ్చింది. సాయంత్రానికి ఎండి గట్టిపడుతుంది, పొద్దున్నే తినాలి.

పెరుగన్నం బెంగ ఉన్నవాళ్లకు ఒక మాట. ఏ దుకాణంలోనైనా ‘మష్లాంకా’ అడగండి. అది మజ్జిగే, మన చిక్కటి పుల్ల మజ్జిగలా ఉంటుంది. పళ్లు కలిపిన తీపి రకాలూ ఉంటాయి కాబట్టి ‘నాతురాల్నా’ అని రాసున్నది తీసుకోండి. అన్నం వండుకునే వీలున్న గది దొరికితే, ఇంటి నుంచి ఊరగాయ ఒక్కటి తీసుకెళ్తే చాలు.

ఆదివారాల్లో చాలావరకు పెద్ద దుకాణాలు మూసేసే చట్టం ఉంది. సరుకులు శనివారమే తెచ్చుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి క్రాకోవ్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. మా ఇద్దరికీ ఆహ్వాన పత్రం పంపుతానంటున్నాడు. దాంతో వీసా వచ్చేస్తుందా? (విజయవాడ)

జవాబు: అది వీసాకు తోడ్పడే కాగితమే కానీ, వీసా దాంతోనే రాదు. పోలండ్‌లో అధికారిక ఆహ్వానాన్ని ‘జప్రోషేన్యె’ అంటారు. దాన్ని అక్కడి ప్రాంతీయ ప్రభుత్వ కార్యాలయం నమోదు చేస్తుంది. విదేశీయులు దాన్ని ఇప్పించాలంటే శాశ్వత నివాసమో, వరుసగా ఐదేళ్ల చట్టబద్ధ నివాసమో ఉండాలి. రెండేళ్ల కోర్సు చదివే విద్యార్థికి అది కుదరదు. అబ్బాయి మామూలుగా రాసిచ్చే ఉత్తరం, తన నివాస కార్డు నకలు, చదువు ధ్రువపత్రం జత చేయండి. అయితే ఖర్చు మాత్రం మీ సొంత డబ్బుతో భరిస్తారని చూపండి. గత నెలల బ్యాంకు ఖాతా, ఆదాయపన్ను రిటర్నులు, ఉద్యోగమైతే సెలవు పత్రం, పింఛను అయితే పింఛను కాగితం కావాలి. ఖాతాలో దరఖాస్తుకు వారం ముందు ఒక్కసారిగా పెద్ద మొత్తం పడితే అనుమానిస్తారు.

మీకు కావాల్సింది షెంగెన్ వీసా, అంటే పోలండ్‌తో సహా చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే వీసా. దానికి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. కనీసం పదిహేను రోజుల ముందు ఇవ్వాలి, వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకవు కాబట్టి మూడు నెలల ముందే చూసుకోండి. పెద్దలకు రుసుము 90 యూరోలు, సేవా కేంద్రం ఛార్జీ అదనం. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ఎక్కువ రోజులు పోలండ్‌లో ఉంటేనే పోలండ్ వీసా అడగాలి. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్లినా ఇబ్బంది లేదు, కానీ ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే జరుగుతుంది. ఇప్పుడు వేలిముద్రలు, ఫొటో తీసుకునే పద్ధతి వచ్చింది, రెండు విమానాల మధ్య మూడు గంటలైనా ఉండేలా టికెట్ కొనండి.

క్రాకోవ్ విమానాశ్రయం నుంచి ఊరి ప్రధాన స్టేషన్‌కు రైలులో ఇరవై నిమిషాల దూరం.

ఇంకొకటి, మనవాళ్లు ఎక్కువగా ఇబ్బందిపడేది పేరు దగ్గర. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నా, ఒక్క అక్షరమే ఉన్నా, విమాన టికెట్, బీమా, వీసా దరఖాస్తు మూడింట్లోనూ ఒకేలా రాయించండి. దీని అవసరం కింది జవాబులోనూ వస్తుంది.

ప్రశ్న: ఉప్పు గని, ఆష్విట్జ్ రెండూ ఒకే రోజు చూపిస్తామని ప్యాకేజీలు ఉన్నాయి. తీసుకోవచ్చా? (నెల్లూరు)

జవాబు: వద్దు. సమయం సరిపోయినా మనసుకు సరిపోదు.

ఆష్విట్జ్ నాజీ మారణ శిబిరం ఊరికి దాదాపు 70 కిలోమీటర్ల దూరంలోని ఓష్వియెంచిమ్‌లో ఉంది. అక్కడ సుమారు 11 లక్షల మందిని చంపారు, వాళ్లలో అత్యధికులు యూదులు. గైడుతో చూడటానికి మూడున్నర గంటలు పడుతుంది. మ్యూజియం సొంత వెబ్‌సైట్‌లో వారాల ముందే చోటు బుక్ చేసుకోవాలి. ప్రవేశపత్రం మీద పేరు, గుర్తింపు కార్డు మీద పేరు ఒకటే కావాలి. ఇక్కడే ఇంటిపేరు, పొడి అక్షరాల తేడాతో చిక్కొస్తుంది, పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు టైపు చేయండి. పెద్ద సంచిని లోపలికి రానివ్వరు, ఎంత సైజు దాకా తేవచ్చో వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. అరగంట ముందు చేరాలి. స్త్రీల జుట్టు ఉంచిన గదిలోనూ, 11వ బ్లాకు నేలమాళిగలోనూ ఫొటోలు నిషిద్ధం. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను తేవద్దని మ్యూజియమే కోరుతుంది. ముందురోజు రాత్రి తాగి, నిద్రలేక వెళ్లే చోటు కాదది. వచ్చాక ఆ సాయంత్రం ఏ కార్యక్రమమూ పెట్టుకోకండి.

వియెలిచ్కా ఉప్పు గనికి ఊరి నుంచి రైలుంది, అరగంటలోపే చేరతారు. మొత్తం 800 మెట్లు, వాటిలో దాదాపు 380 మొదట్లోనే గిరగిరా కిందికి దిగాలి. పైకి రావడానికి లిఫ్టు ఉంది. దిగడమే కదా అనుకుంటారు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు దిగడమే బాధ. లోపల ఏడాది పొడవునా 17, 18 డిగ్రీలు, పల్చటి స్వెట్టరు చాలు. భూమికి 101 మీటర్ల లోతున సెయింట్ కింగా ప్రార్థనామందిరం ఉంది. నేల, గోడమీది శిల్పాలు, దీపగుచ్ఛాల స్ఫటికాలు అన్నీ ఉప్పే. క్రాకోవ్ పాత ఊరూ, ఈ గనీ రెండూ 1978లో యునెస్కో తొలి జాబితాలోనే చేరాయి.

ప్రశ్న: ట్రాము టికెట్లు, డబ్బు మార్పిడి గురించి చిన్న చిట్కాలు చెప్పండి. (రాజమహేంద్రవరం)

జవాబు: అక్కడ యూరో చెల్లదు, జ్లోటీ కావాలి. విమానాశ్రయంలో మార్చకండి, ఊళ్లో ‘కాంతోర్’ అని బోర్డున్న చోట మార్చండి. కమీషన్ సున్నా అన్న బోర్డును నమ్మవద్దు, కొనే ధరకూ అమ్మే ధరకూ తేడా చూడండి. ఆ తేడా ఎంత తక్కువైతే అంత మంచిది. ఏటీఎంలోనో, కార్డు మెషిన్‌లోనో రూపాయల్లో చెల్లిస్తారా, జ్లోటీల్లోనా అని అడిగితే ప్రతిసారీ జ్లోటీలే ఎంచుకోండి. రూపాయలు ఎంచుకుంటే మారకపు రేటు వాళ్లు చెప్పిందే.

ట్రాములో టికెట్లు నిమిషాల లెక్కన ఉంటాయి. కాగితం టికెట్ ఎక్కిన వెంటనే చిన్న పెట్టెలో దూర్చి ముద్ర వేయించాలి. ముద్ర లేని టికెట్, టికెట్ లేనట్టే. మామూలు దుస్తుల్లో తనిఖీవాళ్లు ఎక్కుతారు, తెలియదంటే వదలరు. ఎర్ర దీపం ఉండగా రోడ్డు దాటినా జరిమానాయే, బండి లేకపోయినా సరే.

చాలాచోట్ల మరుగుదొడ్ల తలుపుల మీద బొమ్మలుండవు. త్రికోణం ఉంటే మగవాళ్లది, వృత్తం ఉంటే ఆడవాళ్లది.

ప్రశ్న: గోపురం మీంచి బూర ఊదుతారట. అది ఏ సమయంలో, ఎక్కడ నిలబడి వినాలి? (ఖమ్మం)

జవాబు: ప్రతి గంటకూ ఊదుతారు, పగలూ రాత్రీ. పెద్ద చౌకులోని సెయింట్ మేరీ చర్చికి రెండు గోపురాలు. వాటిలో ఎత్తైనదాని మీద అగ్నిమాపక సిబ్బంది వంతులవారీగా కాపలా ఉంటారు. గంట కొట్టగానే ఒక కిటికీ తెరిచి ‘హేయ్నావ్’ అనే చిన్న రాగం వాయిస్తారు. అలా నాలుగు దిక్కులకూ నాలుగుసార్లు. మొదటిది రాజుగారి వావెల్ కోట వైపు, తర్వాతది చౌకు వైపు, తర్వాత అతిథులు వచ్చే కోటద్వారం వైపు, చివరిది చిన్న చౌకు వైపు. రాగం మధ్యలో ఠక్కున ఆగిపోతుంది. దాడిని హెచ్చరిస్తున్న బూరవాడి గొంతులో బాణం దిగిందని కథ చెబుతారు. మధ్యాహ్నం పన్నెండు గంటలది దేశమంతా రేడియోలో వస్తుంది.

మిత్స్కియెవిచ్ విగ్రహం దగ్గర నిలబడి గోపురం పైన చిన్న కిటికీ వైపు చూడండి, బూర అంచు బంగారు రంగులో మెరుస్తుంది. వాయించాక ఆయన చెయ్యి ఊపుతాడు, మీరూ ఊపండి. పగలు గుర్రబ్బళ్ల చప్పుడులో, జనం మాటల్లో సగం వినపడదు. రాత్రి రెండు గంటలప్పుడు మాళిగ మెట్లెక్కి బయటికొచ్చి, గంట కొట్టేదాకా అక్కడే ఆగండి. అప్పుడు నాలుగు వైపులదీ విడివిడిగా వినిపిస్తుంది.